20 లారీలిచ్చి కొండెక్కాను: దిదూబే–కజ్‌బెగీ మార్ష్రుత్కా మీద రివ్యూ

మొదటిసారి వెళ్ళొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. "పోనూ రానూ 30 లారీలు అయిందమ్మా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "బస్సులో వెళ్ళానన్నావుగా, మళ్ళీ లారీలెందుకే?" అంది. జార్జియాలో డబ్బుని లారీ అంటారు. ఒక లారీకి 100 తెత్రీలు. నేనిక్కడికొచ్చి నాలుగో ఏడు నడుస్తోంది, మా ఇంట్లో ఈ జోకు ఇంకా పాతబడలేదు. నాన్నయితే ఫీజు కట్టే నెల వచ్చినప్పుడల్లా "ఈసారి ఎన్ని లారీలు పంపించమంటావు, సరుకుతోనా, ఖాళీవా?" అని అడుగుతాడు.

ఈ రివ్యూ జార్జియా రాజధాని త్బిలిసీలోని దిదూబే బస్టాండు నుంచి కొండల్లో ఉన్న కజ్‌బెగీ ఊరికి వెళ్ళే మార్ష్రుత్కా గురించి. మార్ష్రుత్కా అంటే తెల్ల వ్యాను. పదహారో పద్దెనిమిదో సీట్లు, కిటికీలకి నెరిసిపోయిన కర్టెన్లు, అద్దం దగ్గర వేలాడే చిన్న శిలువ. పేరూ అలవాటూ రెండూ సోవియట్ రోజుల నుంచి మిగిలినవే. మన షేర్ ఆటో కాస్త ఒళ్ళు చేసి కొండల్లో కాపురం పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నిండితే కదులుతుంది. నిండకపోతే డ్రైవరు బయట నిలబడి సిగరెట్ కాలుస్తాడు.

ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పేస్తాను. ఎంబీబీఎస్ కోసం ఇక్కడికొచ్చి, వారమంతా వార్డులూ క్లాసులూ పోగా చేతిలో ఒక్క ఆదివారం మిగిలేవాళ్ళకి పనికొస్తుంది. పర్సులో 50 లారీలుండి, గది గోడలు మీద పడుతున్నట్టు అనిపించే రోజు ఒకటుంటుంది, ఆ రోజుకి ఇంతకంటే మంచిది లేదు. అమ్మానాన్నలు చూడ్డానికొస్తే మాత్రం వాళ్ళని ఇందులో ఎక్కించకండి. నేనొకసారి మా పిన్నిని ఎక్కించాను. దిగాక పావుగంట నాతో మాట్లాడలేదు.

ఇప్పటికి ఏడుసార్లు వెళ్ళాను. మొదట్లో మనిషికి 15 లారీలుండేది, నేను ఆఖరిసారి వెళ్ళినప్పుడు 20 తీసుకున్నారు. మీరు చదివేటప్పటికి ఎంతుంటుందో ఎక్కేముందే అడగండి. పక్కనున్న జార్జియన్ మనిషి ఎంతిస్తున్నాడో చూసి అంతే ఇవ్వండి.

దిదూబేకి చేరడం తేలిక. మా గది దెలిసి మెట్రో దగ్గర. అక్కణ్ణుంచి మెడికల్ యూనివర్సిటీ స్టేషన్ మీదుగా స్టేషన్ స్క్వేర్ దాకా వెళ్ళి, అక్కడ లైను మారితే మూడో స్టేషన్ దిదూబే. మెట్రోకి నేనిచ్చింది ఒక్క లారీ. త్బిలిసీ మెట్రో 1966లో మొదలైంది. కొన్ని స్టేషన్లలో ఎస్కలేటర్ దిగుతుంటే పాతాళానికి పోతున్నట్టే ఉంటుంది, దిదూబే మాత్రం నేల మీదే ఉంది. స్టేషన్ బయటికొచ్చి మార్కెట్ సందులోంచి నాలుగడుగులు వేస్తే చాలు, "కజ్‌బెగీ! కజ్‌బెగీ!" అని అరుపులు మొదలవుతాయి. అరిచేవాళ్ళలో సగంమంది టాక్సీవాళ్ళు. "మార్ష్రుత్కా లేదు, వెళ్ళిపోయింది" అంటారు. ఉంటుంది. వాళ్ళ వెనకాలే నిలబడి ఉంటుంది.

ఊరి అసలు పేరు స్టెపాంట్స్‌మిండా. సోవియట్ రోజుల్లో కజ్‌బెగీ అని మార్చారు, 2006లో పాత పేరు మళ్ళీ తెచ్చారు. ఆ సంగతి దిదూబేలో ఇంకా ఎవరూ పట్టించుకున్నట్టు లేరు. అద్దం మీద బోర్డు ఇంగ్లీషులో లేకపోతే జార్జియన్ అక్షరాలు కూడబలుక్కోవాలి. 33 అక్షరాలే. మన అక్షరాల్లాగే గుండ్రంగా, తోకలతో ఉంటాయి కాబట్టి తెలుగువాళ్ళకి మరీ పరాయిగా అనిపించవు. కజ్‌బెగీలో మొదటి అక్షరం మాత్రం మన 'క' కాదు. గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే దాన్ని బయటికి తెచ్చేటప్పుడు వచ్చే శబ్దం అది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక సేవ. మొదటిసారి ఎక్కగానే నేను చేసిన పని తలుపు గట్టిగా వేయడం. జారుడు తలుపు కదా, సరిగ్గా పడదేమో అని బలం కొద్దీ లాగాను. డ్రైవరు వెనక్కి తిరిగి నా వంక చూసిన చూపు, తర్వాత అనాటమీ వైవాలో కూడా ఎవరూ చూడలేదు. ఏదో పెద్దగా అన్నాడు. నాకర్థమైంది ఒక్క చేయి సైగే: మెల్లగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. జార్జియాలో ఏ బండి తలుపునైనా దబాల్న వేయడం ఇంటివాణ్ణి తిట్టినంత పని. ఇది ఎవరూ చెప్పరు, కాబట్టి నేను చెబుతున్నాను.

సీటు మీద మీ రోజంతా ఆధారపడి ఉంటుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. జిన్వాలి జలాశయం, దాని ఒడ్డున అనానూరి కోట ఆ పక్కనే వస్తాయి. ఆఖరి వరుసలో కూర్చోవద్దు. చక్రం మీద సీటు వద్దే వద్దు, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అన్ని సీట్లకీ బెల్టులుండవు. వెళ్ళేటప్పుడు నాకు దొరికిన ఏడు సీట్లలో మూడింటికి ఉన్నాయి, అందులో ఒకటి కొక్కెం పడలేదు. ఈ ఒక్క కారణానికి ఒక చుక్క నిర్దాక్షిణ్యంగా తీసేస్తున్నాను. ట్రామా వార్డులో ఒక రాత్రి డ్యూటీ చూసినవాళ్ళెవరైనా ఈ లెక్క ఒప్పుకుంటారు.

కోట దగ్గర వ్యాను ఆగదు. ఫోటో కోసం ఆపమని అడిగే పద్ధతే లేదు. పోనూ రానూ కలిపి 14 సార్లు ఆ కోటని దాటాను, 14 సార్లూ కిటికీలోంచే చూశాను. టూర్ వ్యానులయితే ఆగుతాయి. అవి జలాశయం దగ్గర, కోట దగ్గర, రెండు రంగుల అరాగ్వీ నదులు కలిసే పసనౌరి దగ్గర, పైన 1983లో కట్టిన స్నేహ స్మారకం దగ్గర, ఇలా నాలుగైదు చోట్ల దింపి ఎక్కిస్తాయి. అది కావాలనుకునేవాళ్ళు డబ్బు ఎక్కువ పెట్టి దాంట్లో వెళ్ళడమే మంచిది. నాకు మటుకు ఎక్కామా, కొండ కనిపించిందా అన్నది ముఖ్యం. పైగా టూర్ వ్యానులో అందరూ మనలాంటి బయటివాళ్ళే ఉంటారు. మార్ష్రుత్కాలో బెబియాలుంటారు.

బెబియా అంటే అమ్మమ్మ, నాయనమ్మ, ఎవరైనా సరే పెద్దావిడ. వరసలు చెబుతుంటే గుర్తొచ్చింది, జార్జియన్‌లో దేదా అంటే అమ్మ. మామా అంటే నాన్న! వచ్చిన కొత్తలో పార్కులో ఒక పాప వాళ్ళ నాన్నని "మామా, మామా" అంటూ వెంటపడుతుంటే, పాపం మేనమామతో వచ్చినట్టుంది అనుకున్నాను.

రెండో ఏడాది అక్టోబరులో నా పక్కన కూర్చున్న బెబియా ఒళ్ళో ఒక అట్టపెట్టె ఉంది. కొత్త డిజిటల్ బీపీ మెషీన్. సిటీలో కొనుక్కుని పసనౌరి దగ్గర తన ఊరికి పట్టుకెళుతోంది. నా బ్యాగు జిప్పులోంచి తెల్లకోటు అంచు కనిపించిందో, నల్లటి మొహం చూసి ఇండియా పిల్ల అంటే మెడిసిన్ పిల్లే అనుకుందో, "ఎకిమి?" అంది. డాక్టరువా అని. "స్టుదెంతి" అన్నాను. ఆవిడకి ఆ తేడాతో పనిలేదు. పెట్టె విప్పి, స్వెట్టరు చేయి పైకి లాగి, మోచేయి నా ఒళ్ళో పెట్టేసింది.

బీపీ ఎలా చూడాలో మాకు నేర్పిన పద్ధతి వేరు. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టాలి, వీపుకి ఆనుడు ఉండాలి, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తులో, మాట్లాడకూడదు. ఇక్కడేమో వ్యాను లారీని దాటేస్తూ మలుపు తిరుగుతోంది, ఆవిడ కోడలి గురించి అనుకుంటా ఏకధాటిగా మాట్లాడుతోంది, వెనకసీటు ఆయన సలహా ఇస్తున్నాడు. మెషీన్ రెండుసార్లు ఎర్రర్ అంది. మూడోసారి 171. చుట్టూ ఉన్నవాళ్ళంతా "ఓహ్" అన్నారు. కంగారు పడకండి అని చెప్పడానికి నాకు భాష రాదు. చేత్తో ఆగమని సైగ చేశాను. డ్రైవరు సిగరెట్ల కోసం ఒకచోట ఆపినప్పుడు ఆవిడ నోటి మీద వేలు పెట్టుకోమని చూపించి, చేయి నా బ్యాగు మీద ఆనించి మళ్ళీ చూశాను. 158. ఇంకా ఎక్కువే, కానీ 171 కాదు. ఆవిడ గుండె మీద చేయి వేసుకుని "ట్స్నేవా" అంది. ఇక్కడి పెద్దవాళ్ళ నోట్లో రోజుకి పదిసార్లు వినిపించే మాట అది. మనవాళ్ళు "నాకు బీపీ" అన్నట్టే, వీళ్ళు తలనొప్పొచ్చినా, వాన పడబోతున్నా, మనవడు ఫోను ఎత్తకపోయినా ట్స్నేవా అంటారు.

నేను చేసిన సేవకి ఆవిడ ఫీజు ఇచ్చుకుంది: ఒక ఆపిలు, ఇంకో ముప్పావుగంట పాఠం. తల చూపించి "తావి". గుండె, "గులి". పొట్ట, "ముట్సేలి". కాలు, "పేఖి". నేను తప్పు పలికితే తొడ మీద చిన్న దెబ్బ. చివర్లో వాళ్ళ పిల్లలకి నేర్పే నాలుక తిరగని వాక్యం ఒకటి పట్టించింది: "బకాకి ట్స్కాల్షి కికినెబ్స్." కప్ప నీళ్ళలో బెకబెకమంటోంది అని అర్థం. దాంట్లో 'క'లన్నీ దాదాపు ఆ చేపముల్లు 'క'లే. పన్నెండుమంది ప్రయాణికులు నా చేత కప్ప కూత కూయించి నవ్వారు. డ్రైవరు కూడా అద్దంలో చూసి నవ్వాడు. ఆవిడ ఊరొచ్చేసరికి "గాచెరెత్!" అని అరిచింది, అంటే ఆపండి అని. వ్యాను ఆగింది. మెషీను చంకలో పెట్టుకుని దిగిపోయింది. తలుపు ఎంత మెల్లగా వేసిందో చూశాను.

ఈ సంగతంతా బస్సు రివ్యూలో ఎందుకంటే, నా దృష్టిలో ఆ 15 లారీలకి నాకు దొరికింది ఇదే. మా క్లాసులు ఇంగ్లీషులో. ఇండియాలో వైద్యవిద్యని చూసే ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలి, ఆపైన ఆ సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. నిబంధనల్లో ఇంగ్లీషుంది, రోగి నోట్లో మాత్రం జార్జియనుంది. మొదటి రెండేళ్ళు జార్జియన్ భాష మాకొక సబ్జెక్టు. అందులో నేను నేర్చుకున్నది ఎయిర్‌పోర్టు ఎక్కడ, టమాటాలెంత, నా పేరు ఫలానా. నొప్పి గురించి నన్నడిగి నేర్పింది బెబియాలే.

మూడో ఏడు జనరల్ మెడిసిన్ పోస్టింగ్‌లో ఆరుగురం ఒక మంచం చుట్టూ నిలబడ్డాం. డెబ్బై దాటిన పెద్దాయన. మా మేడమ్ అనువాదం చేస్తుందనుకుంటే, "ఇవాళ మీరే అడగండి" అని చేతులు కట్టుకుంది. ఐదుగురు నోట్‌బుక్కులు చూసుకుంటున్నారు. నేను కప్ప వాక్యం ఒకసారి లోపల్లోపల అనుకుని, "సాద్ గ్‌ట్కివాత్?" అన్నాను. ఎక్కడ నొప్పి అని. ఆయన నా ఉచ్చారణకి మీసం చాటున నవ్వాడు గానీ జవాబిచ్చాడు. అంత పొడుగు జవాబులో నాకు రెండే అందాయి: "పేఖి", "షాకరి". షాకరి! దానికి నాకు అనువాదం అక్కర్లేదు. మన శర్కర పర్షియా దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కాకసస్ కొండలెక్కి షాకరి అయింది. మనం "షుగరుంది" అన్నట్టే వీళ్ళు డయాబెటిస్‌ని షాకరి అంటారు. కాలు, షుగరు. దుప్పటి తొలగించి సాక్సు తీయమన్నాను. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. "గ్‌ట్కివాత్?" "ఆర్ మ్‌ట్కివా." నొప్పి లేదట. నొప్పి తెలియకపోవడమే అక్కడ జబ్బు. నరాలు మొద్దుబారి, చెప్పులో రాయి గుచ్చుకున్నా తెలియని స్థితి. మేడమ్ ఏమీ అనలేదు, తర్వాతి మంచం దగ్గర మాత్రం నన్నే ముందుకి నెట్టింది. మిగతా ఐదుగురికీ నేను మార్ష్రుత్కా గురించి చెప్పాను. ఇద్దరే నమ్మారు.

సరే, దారి. మ్లేటా దాటాక గుదౌరి దాకా ఒకటే హెయిర్‌పిన్ మలుపులు. అసలు నరకం అక్కడ మొదలవుతుంది. ఈ రోడ్డే రష్యా సరిహద్దుకి వెళుతుంది కాబట్టి సరుకు లారీలు, ఈసారి నిజం లారీలు, కిలోమీటర్ల కొద్దీ బారులు తీరి ఉంటాయి. మన డ్రైవరు వాటిని ఒక్కొక్కటే దాటేస్తాడు. మలుపులో కూడా. దారిలో చర్చి కనిపిస్తే స్టీరింగ్ వదిలేసి మూడుసార్లు శిలువ గీసుకుంటాడు. మొదటిసారి అది చూసి నేనూ దణ్ణం పెట్టుకున్నాను, వేరే కారణానికి.

ఈ మలుపుల్లో ఫోను చూడకండి. నేను చూశాను. విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్ళు ఇండియాలో డాక్టరుగా పనిచేయాలంటే రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300 ప్రశ్నలు, 150 వస్తే గట్టెక్కినట్టు. ఆదివారం కూడా వృథా పోకూడదన్న పాపభీతితో వ్యానులో ఎంసీక్యూలు చేస్తూ కూర్చున్నాను. ఆ పూట టాపిక్ చెవి. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు "తిరుగుతున్నాం" అంటాయి, ఫోను మీద నిలిచిన కళ్ళు "కదలడం లేదు" అంటాయి, రెండింటి గొడవా మెదడుకి పడక కడుపు తిప్పుతుంది. ఈ ప్రశ్నకి జవాబు సరిగ్గా పెట్టి, ఆ తర్వాత రెండు నిమిషాలకి నా చున్నీలో కక్కుకున్నాను. డ్రైవరు తిట్టలేదు. బండి పక్కకి తీసి, నీళ్ళ సీసా ఇచ్చి, నన్ను ముందు సీటుకి మార్చి, దూరంగా కొండ చూపించి దాన్నే చూడమన్నాడు. పుస్తకంలో ఉన్న సలహా కూడా అదే: ముందు కూర్చోవాలి, దూరాన కదలని దాన్ని చూడాలి. మందుల షాపులో దొరికే వాంతుల మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ. నిద్ర ముంచుకొస్తుందని కూడా గుర్తుంచుకోండి. నేను ఒకసారి దాని పుణ్యాన జిన్వాలి నుంచి కజ్‌బెగీ దాకా నోరు తెరుచుకుని పడుకున్నాను, కొండ చూడ్డానికి 20 లారీలిచ్చి.

గుదౌరి దాటాక జ్వారి కనుమ, దాదాపు 2,400 మీటర్లు. చెవులు దిబ్బడేస్తాయి, గుటక వేస్తే పోతుంది. బ్యాగులో చిప్స్ ప్యాకెట్టు బెలూన్‌లా ఉబ్బుతుంది. రోడ్డు పక్కన కొండకి నారింజ రంగు పూత పూసినట్టు ఒకచోట ఖనిజాల నీళ్ళు కారి గట్టిపడి ఉంటాయి, అక్కడా ఆగడు. ఈ కనుమ బాధ తప్పించడానికి కింద నుంచి 9 కిలోమీటర్ల సొరంగం పని పెట్టుకున్నారు. సొరంగంలోంచి వెళితే వాంతులు తగ్గుతాయేమో గానీ ఈ పావుగంట పోతుంది.

దిగేది ఊరి నడిబొడ్డున. 150 కిలోమీటర్ల పైచిలుకు దూరం, మూడు గంటలు. మబ్బు లేకపోతే 5,000 మీటర్లు దాటిన కజ్‌బెక్ శిఖరం, దాని ముందు 2,170 మీటర్ల ఎత్తున బొటనవేలంత గెర్గెటీ చర్చి, వ్యాను తలుపు తీయగానే ఎదురుగా ఉంటాయి. మబ్బుంటే ఏమీ ఉండదు. నాకు ఏడింట్లో నాలుగుసార్లు కనిపించింది. చర్చికి ఇప్పుడు రోడ్డుంది, జీపులు తీసుకెళతాయి. నేను నడిచే వెళతాను, గంటన్నర. పైన ఆడవాళ్ళు తల కప్పుకోవాలి, ప్యాంటు మీద లంగాలా గుడ్డ చుట్టుకోవాలి. మిగతావాళ్ళు అక్కడి గుడ్డల కోసం వెతుక్కుంటుంటే మనకి చున్నీ ఉంది. (ఆ చున్నీ కాదు, వేరేది.) దిగొచ్చి లోబియానీ తినండి, రాజ్మాలాంటి గింజల ముద్ద లోపల పెట్టి కాల్చిన రొట్టె. శాకాహారులకి అంతకంటే సుఖం లేదు. ఇంటి నుంచొచ్చిన ఆవకాయ చిన్న డబ్బాలో తీసుకెళ్ళి నంచుకుంటే చుట్టుపక్కల బల్లలవాళ్ళు వాసనకి తిరిగి చూస్తారు, అది మీ ధైర్యం.

చలికాలం సంగతి విడిగా చెప్పాలి. నాలుగో ఏడు ఫిబ్రవరిలో సోమవారం పొద్దున ఫార్మకాలజీ కొలోక్వియం, అంటే పరీక్ష, పెట్టుకుని ఆదివారం బయల్దేరాను. రాత్రికి వచ్చేస్తాను కదా అని. పొద్దున ఎండ కాసింది. మూడింటికి ఊరి నడిబొడ్డుకి వస్తే వ్యానులన్నీ ఇంజన్లు ఆపేసి ఉన్నాయి. "గ్జా చకెటిలియా" అన్నాడు డ్రైవరు, రోడ్డు మూసేశారని. పైన కనుమలో మంచుచరియల ప్రమాదమట. రేపెప్పుడు తెరుస్తారంటే ఆకాశం వైపు చూపించాడు. నాతోపాటు ఇరుక్కున్న ఇద్దరు నేపాలీ అమ్మాయిలతో కలిసి ఒక గెస్ట్‌హౌస్‌లో గది తీసుకున్నాం. కట్టెల పొయ్యి ముందు కూర్చుని, ఫోన్లో బీటా బ్లాకర్లు చదువుతూ, మధ్యమధ్యలో రోడ్డు తెరిచారా అని చూస్తూ తెల్లారింది. సోమవారం మధ్యాహ్నం వదిలారు. పరీక్ష పోయింది. రోడ్ల శాఖ నోటీసు స్క్రీన్‌షాట్ పట్టుకుని డీన్ ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగితే రెండు వారాల తర్వాత మళ్ళీ రాయనిచ్చారు. తప్పు వ్యానుది కాదు, నాది. డిసెంబరు నుంచి మార్చి దాకా మర్నాడు ఏ పరీక్ష ఉన్నా వెళ్ళకండి. రెసిడెన్స్ కార్డు, ఛార్జరు, ఒక రాత్రికి సరిపడా డబ్బు ఎండాకాలంలో కూడా బ్యాగులో ఉంచుకోండి.

తిరుగు ప్రయాణం గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. సాయంత్రం ఆరు తర్వాత వ్యాను ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, నాలుగింటికల్లా వచ్చి సీటు మీద బ్యాగు పెట్టేయండి. చీకట్లో ఆ మలుపులు నాకు ఇప్పటికీ భయమే. వ్యానుకి నేను ఐదుకి మూడున్నర ఇస్తాను. ఒకటి బెల్టులకి పోయింది, అర ఆ దాటేయడాలకి.

ఆఖరిగా ఒక్క మాట. దిదూబే సందులో పళ్ళు కొంటే ఇచ్చే నల్ల కవరు పారేయకుండా జేబులో పెట్టుకోండి. మీకు కాకపోయినా పక్కసీటువాళ్ళకి పనికొస్తుంది.